ఎనిమిదో తరగతి సంచిలో మన సేద్యం

మృగశిర కార్తె వచ్చిందంటే ఊళ్లో రెండు పనులు ఒక్కసారే మొదలవుతాయి. ఒకటి ఏరువాక, రెండోది బడి. విత్తనాలు, ఎరువులు కొన్న చేత్తోనే నోటు పుస్తకాలూ కొంటాం. విత్తనం సంచి కొనేటప్పుడు రకం, లాటు నంబరు, గడువు తేదీ తిప్పి తిప్పి చూస్తాం. పిల్లల పుస్తకాల సంచిలో ఏముందో మాత్రం చూసేవాళ్లు తక్కువ. ఈ నెల ఆ సంచిని విప్పి చూద్దామని సంఘం తరఫున ఈ వ్యాసం రాస్తున్నాం.

అన్ని తరగతులనూ వదిలి ఎనిమిదో తరగతినే ఎందుకు ఎంచుకున్నామంటే, దానికి కారణం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వాలంటుంది. ఆ హామీ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. పేద రైతు, కౌలు రైతు, కూలీ ఇళ్లల్లో పిల్లల్ని బడి మాన్పించే మాట మొదలయ్యేదీ ఇక్కడే. ఇంకో సంగతి కూడా ఉంది. సేద్యం చేసేవాడికి రోజూ అవసరమయ్యే లెక్కలు, సైన్సు, భూమి చరిత్ర, చట్టం దాదాపు అన్నీ ఈ ఒక్క ఏడాదిలోనే పిల్లల ముందుకు వస్తాయి. కొన్ని ఏడులో మొదలై ఎనిమిదిలో ముగుస్తాయి. పుస్తకాల అట్టలు మారుతుంటాయి, పాఠాల వరుస మారుతుంటుంది. కానీ విషయాలు ఇవే.

మేము చెప్పదలచుకున్నది ఇది. ఈ ఏడాది చదువు సరిగ్గా అందితే ఆ ఇంటిని వడ్డీ దగ్గర, కొలత దగ్గర, కాటా దగ్గర, ఆఫీసు దగ్గర మోసగించడం కష్టం. అందుకే ఈ చదువు రైతు సంఘం పట్టించుకోవాల్సిన విషయం. దీన్ని మాస్టార్లకూ ప్రభుత్వానికీ వదిలేసి ఊరుకునే వీలు లేదు.

చక్రవడ్డీ పాఠం, మన ప్రామిసరీ నోటు

లెక్కల పుస్తకంలో బారువడ్డీ, చక్రవడ్డీ అని పాఠం ఉంటుంది. అసలు, రేటు, కాలం ఇచ్చి మొత్తం కట్టమంటారు. పిల్లలు సూత్రం బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని, మరచిపోతారు. అదే లెక్కను మన ఊరి భాషలోకి తెస్తే ఎలా ఉంటుందో చూడండి.

నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చామనుకుందాం. నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఏడాది తిరిగేసరికి వడ్డీ 24,000. పంట పోయింది, కట్టలేకపోయాం. నోటు తిరగరాశారు. ఇప్పుడు అసలు 1,24,000. రెండో ఏడు వడ్డీ 29,760. మళ్లీ తిరగరాస్తే అసలు 1,53,760. మూడో ఏడు వడ్డీ సుమారు 36,900. మూడేళ్లకు మొత్తం 1,90,660 దాటుతుంది. నోటు తిరగరాయకుండా బారువడ్డీ లెక్కన పోతే అదే మూడేళ్లకు 1,72,000. రెండింటి తేడా 18,660 పైచిలుకు. ఈ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చాలామంది చెప్పలేరు. ఎనిమిదో తరగతి పిల్ల చెప్పగలదు. వడ్డీ మీద వడ్డీ పడింది కాబట్టి అంటుంది. నోటు తిరగరాయడమంటే చక్రవడ్డీ అని ఆమెకు పుస్తకం చెప్పింది.

ఇప్పుడు బ్యాంకు పంట రుణం చూడండి. మూడు లక్షల వరకు వడ్డీ రాయితీ పథకం కింద ఏడు శాతం. గడువులోగా కడితే మరో మూడు శాతం తగ్గి నాలుగు శాతమే పడుతుంది. లక్షకు ఏడాదికి 4,000. అదే లక్షకు బయట 24,000. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి బోర్డు మీద రాస్తే, కౌలు రైతుకు బ్యాంకు రుణం ఎందుకు ఇవ్వాలని మన సంఘం అడుగుతోందో పిల్లలకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఓరగా వాలిన చేను కొలత

క్షేత్రమితి పాఠంలో సమాంతర చతుర్భుజం, సమలంబ చతుర్భుజం వస్తాయి. పేర్లు చూస్తే భయం వేస్తుంది. నిజానికి అవి మన చేల ఆకారాలే. చదరంగా ఉండే చెక్కలు ఎన్ని ఉంటాయి? వాగు పక్కది ఒక వైపుకు లాగినట్టు ఉంటుంది, బాట పక్కది ఒక గట్టు పొడుగు, ఒక గట్టు పొట్టి.

ఊళ్లో కొలిచే పద్ధతి మనకు తెలిసిందే. ఎదురెదురు గట్లు కూడి సగం చేసి, రెండు సగాలనూ గుణిస్తారు. చేను చదరంగా ఉంటే ఇది సరిపోతుంది. ఓరగా ఉంటే లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఒక చేనుకు ఎదురెదురు గట్లు 300 అడుగుల చొప్పున, పక్క గట్లు 200 అడుగుల చొప్పున ఉన్నాయనుకోండి. కానీ చేను కుక్కిమంచంలా ఓరకు వాలింది. పొడుగు గట్ల మధ్య నిట్టనిలువు దూరం 180 అడుగులే. ఊరి లెక్కన 300ను 200తో గుణిస్తే 60,000 చదరపు అడుగులు, అంటే ఎకరా 37 సెంట్లు పైన. పుస్తకం లెక్కన 300ను 180తో గుణించాలి. 54,000 చదరపు అడుగులు, ఎకరా 24 సెంట్లు. తేడా దాదాపు 14 సెంట్లు. ఎకరా కౌలు 20,000 అనుకుంటే, లేని భూమికి ఏడాదికి 2,700 రూపాయల పైన కౌలు కడుతున్నట్టు. దుక్కి కూలీ, నాటు కూలీ, ఎరువు అన్నీ ఆ లేని 14 సెంట్లకు కూడా లెక్క వేసుకుంటున్నాం.

ఎకరాకు 43,560 చదరపు అడుగులు, 4,840 గజాలు. అందులో నూరో వంతు సెంటు, నలభయ్యో వంతు గుంట. హెక్టారు అంటే ఎకరాలు 2.47. ఆంధ్ర వైపు సెంట్లు, తెలంగాణ వైపు గుంటలు, కాగితాల్లో హెక్టార్లు. వీటిని ఒకదాన్నుంచి మరోదానికి మార్చడం పిల్లలకు వస్తే, పాస్‌ పుస్తకంలో అంకె తప్పు పడినప్పుడు ఇంట్లోనే పట్టుకోవచ్చు.

శాతాలు: ఎరువు బస్తా నుంచి కాటా దాకా

యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. 50 కిలోల బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. ఇవన్నీ బస్తా మీదే అచ్చు వేసి ఉంటాయి.

భూసార పరీక్ష కార్డు ఎకరాకు నత్రజని 40 కిలోలు, భాస్వరం 20 కిలోలు వేయమందనుకుందాం. భాస్వరం కోసం డీఏపీ 43.5 కిలోలు చాలు. దాంతోపాటే 7.8 కిలోల నత్రజనీ వచ్చేస్తుంది. మిగిలిన 32 కిలోలకు యూరియా 70 కిలోలు. అంటే ఒకటిన్నర బస్తా మీద కాస్త. పక్క చేను చూసి మూడు బస్తాలు చల్లితే పైరు నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. దానికే పురుగూ ఎక్కువ వస్తుంది. తర్వాత పురుగు మందు ఖర్చు. ఈ లెక్క శాతాల పాఠంలోని లెక్కే, అంతకన్నా కష్టమైంది కాదు.

కాటా దగ్గరా అంతే. 2025-26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. తేమ అనో, తాలు అనో క్వింటాకు ఐదు కిలోల తరుగు తీస్తే అది ఐదు శాతం. 60 క్వింటాళ్లు తోలిన రైతుకు మూడు క్వింటాళ్లు పోయినట్టు. రూపాయల్లో 7,107. 'ఐదు కిలోలే కదా' అన్నప్పుడు చిన్నగా వినిపించేది, రూపాయల్లోకి మార్చితే అసలు రూపంలో కనిపిస్తుంది.

ఇక అనుపాతాలు. పన్నెండు మంది ఆరు రోజుల్లో తీసే పత్తిని తొమ్మిది మంది ఎన్ని రోజుల్లో తీస్తారు? ఎనిమిది రోజుల్లో. దీన్ని పుస్తకం విలోమానుపాతం అంటుంది. మేస్త్రీతో గుత్త మాట్లాడుకునేటప్పుడు మనం చేసే లెక్క అదే.

సైన్సు: విత్తనం నుంచి పిడుగు దాకా

సైన్సులో పంటల పాఠం ఉంటుంది. దుక్కి, విత్తనం, ఎరువు, నీరు, కలుపు, కోత, నిల్వ వరుసగా చెబుతారు. నీళ్లలో వేస్తే తాలు గింజ తేలుతుందని, గట్టి గింజ మునుగుతుందని చదువుతారు. వడ్లకైతే ఉప్పు నీళ్లు ఇంకా మేలని మన పెద్దలకు తెలుసు. ఎందుకు మేలో చెప్పడానికి సాంద్రత పాఠం కావాలి. సూక్ష్మజీవుల పాఠంలో రైజోబియం వస్తుంది. కంది, పెసర, మినుము, వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బాక్టీరియా అది. పప్పు పంట వేసిన చేనులో తర్వాతి పంట బాగా రావడానికి కారణం ఇదే. పిల్లను ఒక పెసర మొక్క పీకి చూపించమనండి. పుస్తకంలోని బొమ్మకన్నా ఆ బుడిపెలే గుర్తుంటాయి.

పీడనం పాఠంలో నీటి లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుందని చెబుతారు. చెరువు కట్ట అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఎందుకుంటుందో ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఏముంది?

కానీ సైన్సులో మేము ముఖ్యంగా చెప్పదలచినవి రెండు పాఠాలు. అవి ప్రాణాలకు సంబంధించినవి.

ఒకటి, ద్రవాల గుండా విద్యుత్తు. బావి నీళ్లు, బోరు నీళ్లు కరెంటును ప్రసరింపజేస్తాయని, తడి చేతులతో స్విచ్చులు ముట్టుకోవద్దని ఆ పాఠం చెబుతుంది. మన పొలాల్లో స్టార్టరు డబ్బా దగ్గర నిలబడే చోటు తడి, చేతులు తడి, కాళ్లకు చెప్పులు ఉండవు. రాత్రి కరెంటు వస్తే చీకట్లో పోయి బటన్‌ నొక్కుతాం. ఎన్ని ఊళ్లల్లో ఎందరు ఇలా పోయారో మనకు తెలుసు. మోటారుకు ఎర్తింగు సరిగా ఉందా లేదా అని పిల్ల అడిగితే 'నీకెందుకు' అనకండి. ఆ ప్రశ్న బడి నేర్పింది, దాని విలువ ఒక ప్రాణం.

రెండోది పిడుగు. మేఘాల్లో విద్యుదావేశం ఎలా చేరుతుందో, పిడుగు ఎత్తైన వస్తువు మీద ఎందుకు పడుతుందో పుస్తకంలో ఉంటుంది. ఉరుము వినపడితే ఇంట్లోకో, తలుపులు మూసిన వాహనంలోకో పోవాలి. చెట్టు కిందకు పోకూడదు, కరెంటు స్తంభం దగ్గర నిలవకూడదు. దగ్గర్లో ఏ నీడా లేకపోతే మోకాళ్ల మధ్య తల పెట్టి ముడుచుకుని కూర్చోవాలి, నేల మీద పడుకోకూడదు. వాన పడగానే వేప చెట్టు కిందకు పరుగెత్తడం మనకు అలవాటు. ఆ అలవాటే ఏటా గొర్రెల కాపర్లను, నాట్లకు పోయిన ఆడవాళ్లను బలి తీసుకుంటోంది. పిడుగు ముప్పును ముందుగా తెలిపే దామిని అనే యాప్‌ను పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. ఫోన్లో అది పెట్టే పని పిల్లలకు అప్పగించండి.

సాంఘిక శాస్త్రం: పట్టా కథ

సాంఘిక పుస్తకంలో భూమి శిస్తు చరిత్ర ఉంటుంది. 1793లో కార్న్‌వాలిస్‌ బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టడం, 1802లో అది మన కోస్తా జిల్లాలకు రావడం, జమీందార్లు పుట్టుకురావడం. దత్త మండలాల్లో మన్రో రైతుతోనే నేరుగా శిస్తు కట్టించుకున్న రైత్వారీ పద్ధతి. నైజాంలో జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు, వెట్టి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం, చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడిన తీరు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 1949లో హైదరాబాదులో జాగీర్ల రద్దు.

పిల్లలు వీటిని తేదీలుగా చదివి పరీక్షలో రాసి వస్తారు. 'జమీందారీ రద్దు వల్ల కలిగిన ఫలితాలేవి?' అని అడిగితే 'దున్నేవాడికి భూమి దక్కింది' అని రాస్తారు. అలా రాసిన పిల్లాడి తండ్రి మూడెకరాలు కౌలుకు చేస్తూ, చేతిలో ఏ కాగితమూ లేకుండా ఉంటే ఆ పాఠాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే అంతా ఆగిపోతోంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవారికే అందింది. పాఠం 1949తో ముగిసిపోలేదు, మన ఇంటి దాకా వచ్చి నిలబడి ఉంది. ఈ మాట మాస్టారు చెప్పలేకపోవచ్చు. ఇంట్లో మనం చెప్పాలి.

పౌరశాస్త్రంలో పార్లమెంటు చట్టం ఎలా చేస్తుందో ఉంటుంది. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన మూడు సాగు చట్టాలు, ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా రైతులు కూర్చున్న తర్వాత 2021 నవంబరు 29న ఉభయ సభలూ ఆమోదించిన రద్దు బిల్లు, ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉందని పుస్తకమే చెబుతుంది. ఆ వాక్యం మీద దేశంలో ఎంత వాదం నడిచిందో పిల్లలకు తెలియాలి.

పటాలు చదవడం అనే పాఠం కూడా ఉంది. స్కేలు, దిక్కులు, గుర్తులు. దాన్ని ప్రపంచ పటంతోనే ఆపేస్తున్నారు. గ్రామ నక్షా ఒకటి, సర్వే నంబరు కొలతల ఎఫ్‌ఎంబీ ఒకటి తరగతిలో పెడితే, తమ చేను ఎక్కడుందో పిల్లలే వెతుక్కుంటారు. తెలంగాణ వైపు దాన్నే టిప్పన్‌ అంటాం. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన రోజున ఆ ఇంట్లో పటం చదవగలిగిన మనిషి ఒకరుంటారు.

భాషలు ఎందుకంటే

తెలుగులో లేఖారచన ఉంటుంది. సెలవు చీటీ, స్నేహితుడికి ఉత్తరం రాయిస్తారు. అదే గంటలో తహసీల్దారుకు అర్జీ, సమాచార హక్కు దరఖాస్తు రాయించవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అర్జీ రాయించుకోవడానికి ఆఫీసు బయట డబ్బులిచ్చే పని తప్పుతుంది.

ఇంగ్లీషు వస్తే పురుగు మందు డబ్బా చదవగలరు. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు చాలా విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ విషం. పిల్లలు చదివి చెప్పాలి, అంతే. మందు కలపడానికి, కొట్టడానికి వాళ్లను దగ్గరకు రానివ్వకూడదు. ఇక హిందీ. బీహారు నుంచి, బెంగాలు నుంచి నాట్లకు కూలీలు వస్తున్న ఊళ్లల్లో ఆ భాష అవసరం కళ్లముందే ఉంది.

మరి లోపం ఎక్కడ?

ఇంత సరుకు పుస్తకంలో ఉన్నప్పుడు అది ఇంటికి ఎందుకు చేరడం లేదు? మాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, పాఠాన్ని పొలం నుంచి విడదీసి చెప్పడం. రబీ అంటే ఏమిటో రెండు మార్కులకు నిర్వచనం చెప్పే పిల్లకు, తన ఊళ్లో ఏ పంట ఏ కార్తెలో వేస్తారో అడిగితే మాట రాదు. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే బాట. రెండు చోట్లా ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. పరీక్ష ఇంగ్లీషులో కాబట్టి తెలుగు పేజీ తిప్పకుండానే ఏడాది గడిచిపోతోంది. ఇంట్లో అమ్మానాన్నలు చదవగలిగేది ఆ తెలుగు పేజీనే. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. ఆ తెలుగు పేజీని వాడండి అంటున్నాం. పైగా 'చదవకపోతే గేదెలు కాసుకోవాల్సిందే' అనే మాట బడిలో ఇంకా పోలేదు. గేదె పాలతో ఫీజు కట్టే ఇంటి పిల్లకు ఆ మాట ఏం నేర్పుతుంది?

రెండోది ఇంకా పెద్దది. పిల్ల అసలు బడిలో లేకపోవడం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పని దినాలు, 1,000 బోధన గంటలు ఉండాలంది. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు కుటుంబాలు కదిలి వెళ్లేది బడి నడుస్తున్న రోజుల్లోనే. 50 బడి రోజులు పోయాయంటే ఏడాదిలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. గద్వాల, కర్నూలు, నంద్యాల వైపు విత్తన పత్తి క్రాసింగుకు ఆడపిల్లలను పెట్టడం ఏళ్ల తరబడి ఉన్న సమస్య. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని 2016 సవరణ చెబుతోంది. సొంత కుటుంబం పనిలో, అదీ బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయపడడానికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును అడ్డుపెట్టుకుని పూర్తి రోజు పని చేయిస్తున్నారు. వలస పోయే తల్లిదండ్రులను మేము తప్పుపట్టడం లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పిల్లను ఎవరి దగ్గర వదలాలి? అప్పు తరిమితే, ఊళ్లో పని లేకపోతే ఎవరైనా పోతారు. తప్పు, వలసకు ముందే పని చూపించని, హాస్టలు తెరవని వ్యవస్థది.

రెండు అభ్యంతరాలు

'ఇదంతా నేర్పితే మా పిల్లలు మట్టిలోనే ఉండిపోవాలా?' అని కొందరు అడుగుతారు. అలా అని మేము అనడం లేదు. పిల్ల ఇంజనీరు కావచ్చు, నర్సు కావచ్చు, రైతు కావచ్చు, అది ఆమె ఇష్టం. చక్రవడ్డీ, కొలత, అర్జీ ఎక్కడికి పోయినా పనికొస్తాయి. తెలిసిన వస్తువు మీద నేర్చుకున్న లెక్క తెలియని వస్తువు మీదా పనిచేస్తుంది.

'మాస్టార్లకు సిలబసు పూర్తి చేయడమే గగనం' అని ఇంకొందరు అంటారు. నిజమే. ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఒకరే రెండు మూడు సబ్జెక్టులు చెప్పే చోట్లున్నాయి. ఖాళీలు భర్తీ చేయాలన్నది మన డిమాండు కూడా. అందుకే వ్యవసాయం అని కొత్త సబ్జెక్టు పెట్టమని మేము అడగడం లేదు. కొత్త పుస్తకం వస్తే కొత్త బరువు, కొత్త పరీక్ష. ఉన్న పాఠాన్నే మన చేను మీద చెప్పమంటున్నాం. సమాంతర చతుర్భుజం ఎలాగూ చెప్పాలి. బోర్డు మీద బదులు బడి వెనక చెక్కలో చెబితే సరిపోతుంది.

సంఘం ఏం చేయాలి

ఈ ఏడాది మన గ్రామ కమిటీలు చేయాల్సిన పనులు అయిదు.

ఒకటి. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు కావాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. చాలా చోట్ల ఆ కమిటీ సంతకాలకే పరిమితం. మన సభ్యులు, ముఖ్యంగా కౌలు రైతు, కూలీ ఇళ్ల తల్లులు అందులో కూర్చోవాలి. సమావేశం ఎప్పుడో అడగాలి, వెళ్లాలి.

రెండు. ఖరీఫ్‌లో ఒకసారి, రబీలో ఒకసారి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను ఊరి చేలోకి తీసుకెళ్లమని ప్రధానోపాధ్యాయులను కోరాలి. చేను, టేపు, భూసార కార్డు, గ్రామ నక్షా మనం సమకూర్చాలి. చేను గురించి తెలిసిన పెద్దరైతు ఒకరు, పనులు తెలిసిన మహిళా రైతు ఒకరు తోడు ఉండాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడక్కర్లేదు.

మూడు. ఇంట్లో వారానికి ఒక లెక్క పిల్లలతో చేయించండి. ఎరువుల బిల్లు, కూలీ లెక్క, కాటా చీటీ ఏదైనా సరే. తెలుగు పేజీ చదివించుకుని వినండి. అప్పుల బరువు పిల్లల నెత్తిన పెట్టమని కాదు. లెక్క తెలుసుకోవడం వేరు, దిగులు పంచడం వేరు.

నాలుగు. వలస వెళ్లే కుటుంబాల పిల్లల జాబితా దసరా లోపే గ్రామ కమిటీ తయారుచేయాలి. సీజనల్‌ హాస్టలు కోసం మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. కుటుంబాలు బండెక్కిన తర్వాత తెరిచే హాస్టలు ఎవరికీ ఉపయోగపడదు. వలసకు ముందే తెరవాలని, ఉపాధి పనులు అప్పుడే చూపించాలని జిల్లా కమిటీలు కలెక్టర్ల దగ్గర డిమాండు చేయాలి. విత్తన పత్తి సాగు చేసే మన సభ్యులు పిల్లలను పనిలో పెట్టబోమని గ్రామ సమావేశంలో మాట ఇవ్వాలి. కంపెనీలు ఇచ్చే ధరలో పెద్దల కూలీ పడేలా ఉండాలని అడిగే హక్కు అప్పుడే మనకు గట్టిగా ఉంటుంది.

ఐదు. ఎనిమిది పూర్తయిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లాడు తొమ్మిదిలో చేరారో లేదో జూన్‌ నెలాఖరుకు చూడాలి. హైస్కూలు దూరమైతే బస్సు అడగాలి. ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయంలో సీటు అడగాలి. పెళ్లి మాట ఎత్తిన ఇంటికి సంఘం మనుషులు వెళ్లి మాట్లాడాలి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్ట విరుద్ధమని చెప్పడం ఒక్కటే చాలదు. చదువు ఖర్చు ఎలా గట్టెక్కాలో కూడా కూర్చుని ఆలోచించాలి.

మద్దతు ధర, రుణమాఫీ, పంటల బీమా, కౌలు కార్డులు, వీటికోసం మన పోరాటం సాగుతూనే ఉంటుంది. ఆ డిమాండ్లన్నిటి వెనకా ఒక లెక్క ఉంది. ఆ లెక్క చదవగలిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరున్న ఊరిని వడ్డీ వ్యాపారీ, దళారీ, ఆఫీసు గుమాస్తా తేలిగ్గా తీసుకోలేరు. వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల ఎజెండాలో బడి అనే అంశాన్ని చేర్చండి. మీ ఊళ్లో ఎనిమిదో తరగతిలో ఎందరున్నారో, అందులో ఎందరు రోజూ బడికి పోతున్నారో రాసి జిల్లా కమిటీకి పంపండి. మొదట మనకు ఆ అంకె కావాలి.